ఎడమ వైపుది

కారు ముందు షాక్ అబ్జర్బర్లు తానే మార్చుకుంటానని జోజిబాబు పంతం పట్టాడు.

తిరువూరులో ఏ మెకానిక్ చెయ్యీ ఇక తన కారు మీద పడకూడదన్నాడు.

ఏడాది క్రితం గంపలగూడెం నుంచి వస్తుండగా, పెనుగొలను దగ్గర కారు ముందు ఎడమ వైపు ఒక్కసారిగా కుంగింది. బండి అదుపు తప్పి పొలంలోకి దూసుకుపోయింది. పక్కన కూర్చున్న భార్య గ్లోరికి మోచెయ్యి విరిగింది.

ఆ చెయ్యి ఇప్పటికీ తలపైకి లేవదు. రోజూ పొద్దున్నే ఆమెకి జడ వేసేది జోజిబాబే.

అంతకు పది రోజుల ముందే మెకానిక్ చాంద్‌బాషా షెడ్డులో కారు బాగుచేయించాడు.

"వాణ్ణి ఈ ఊళ్ళో నిలవనివ్వను" అని ఆసుపత్రి వరండాలోనే అన్నాడు.

అన్నంత పనీ చేశాడు.

హైస్కూలు మాస్టారు. ఆయన మాటంటే ఊళ్ళో గురి. టీచర్ల గ్రూపులోనూ, చర్చి గ్రూపులోనూ చాంద్‌బాషా ఫోటో పెట్టి, వీడి దగ్గరికి ఎవరూ వెళ్ళొద్దని రాశాడు. షెడ్డు స్థలం యజమానితో మాట్లాడి ఖాళీ చేయించాడు. ముప్పై ఏళ్ళ షెడ్డుకి తాళం పడ్డ రోజున పనిగట్టుకుని ఆ వీధికి వెళ్ళి, చూసి వచ్చాడు.

తర్వాత చాంద్‌బాషా రెడ్డిగూడెంలో ఎవరిదో మామిడితోట కాపలాకి కుదిరాడని తెలిసింది. ఆ పూట జోజిబాబు కడుపునిండా తిన్నాడు.

ఆపైన అతని సంగతి పట్టించుకోలేదు.

ఏడాదిగా కారు ఇంటి ముందే పడి ఉంది. మొన్న విజయవాడ నుంచి కొత్త షాక్ అబ్జర్బర్లు తెప్పించుకుని, ఫోన్లో వీడియోలు చూసి, ఆదివారం ఆరాధన నుంచి రాగానే పని మొదలుపెట్టాడు.

జాకీ ఎత్తాడు. చక్రం ఊడదీశాడు. ఎడమ వైపుది స్ప్రింగుతో సహా బయటికి లాగాడు. దాన్ని రెండు కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, మీదికి వంగి, పైనున్న నట్టుకి స్పానర్ తగిలించాడు.

గేటు దగ్గర ఎవరో ఉన్నారని అప్పుడు గమనించాడు.

ముప్పై ఏళ్ళ అమ్మాయి. భుజాన బ్యాగు. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు, కళ్ళార్పకుండా అతన్నే చూస్తోంది.

ఏం కావాలని అడిగాడు. జవాబు రాలేదు.

మళ్ళీ స్పానర్ మీద బలం వేశాడు. నట్టు కిర్రుమని కదిలింది.

"ఆగండి. ఆ నట్టు తిప్పకండి."

ఆ మాట ఆమె గొంతులోంచి కష్టం మీద వచ్చింది.

ఆమె గేటు తీసుకుని లోపలికి వచ్చింది. లోపల స్ప్రింగు బిగుసుకుని ఉందని, దాన్ని నొక్కిపట్టకుండా నట్టు తీస్తే అంతా ఎగిరొచ్చి నేరుగా మొహానికి తగులుతుందని చెప్పింది. అలా ప్రాణాలు పోయినవాళ్ళు ఉన్నారంది. తను ఐటీఐ చదివానని, విజయవాడలో కార్ల సర్వీసు సెంటర్లో పనిచేస్తున్నానని అంది.

జోజిబాబు గబుక్కున స్పానర్ వదిలేసి వెనక్కి జరిగాడు.

ఆమె వీధి మలుపులో ఉన్న సురేష్ బాబు టైర్ల షాపుకి వెళ్ళి, స్ప్రింగుని నొక్కిపట్టే క్లాంపులు రెండు తెచ్చింది. స్ప్రింగుకి అటొకటి ఇటొకటి తగిలించి, రెండింటినీ సమానంగా బిగించుకుంటూ వచ్చింది. స్ప్రింగు పూర్తిగా అణిగాకే నట్టు తీయనిచ్చింది.

పని సాగుతుంటే జోజిబాబు భయం తగ్గింది. నోరు లేచింది. చాంద్‌బాషా కథంతా చెప్పాడు. వాడి అన్నం ఎలా తీసేశాడో పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఆమె వింటూనే పాత షాక్ అబ్జర్బర్‌ని గుడ్డతో తుడిచింది. మడ్డి కింద కంపెనీ ముద్ర, సంవత్సరం బయటపడ్డాయి.

"ఇది కారుతో వచ్చిందే సార్. దీన్ని ఎవరూ మార్చలేదు."

జోజిబాబుకి ఆ సంగతి తెలుసు.

చాంద్‌బాషా మార్చింది కుడివైపుది. ఎడమదాన్లోంచి కూడా నూనె కారుతోందని, రెండూ కలిపే మార్చాలని, అందాకా కారు బయటికి తీయొద్దని రెండుసార్లు చెప్పాడు. లేని పని అంటగడుతున్నాడనుకుని జోజిబాబే వద్దన్నాడు. ఆ ముక్క ఏ గ్రూపులోనూ రాయలేదు.

"అయితే మాత్రం, అది పాడైందని వాడు చెప్పాలి కదా" అన్నాడు.

"చెప్పలేదా సార్?"

టీ తెస్తున్న గ్లోరి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ రోజు షెడ్డులో ఆమె కూడా ఉంది.

"చెప్పలేదు" అన్నాడు జోజిబాబు.

ఆ అమ్మాయి వేళ్ళు స్పానర్ చుట్టూ బిగుసుకున్నాయి. తలవంచుకుని కొత్తది బిగించింది. కుడివైపుది కూడా మార్చింది. ప్రతి బోల్టునీ రెండోసారి సరిచూసింది.

టీ మాత్రం ముట్టుకోలేదు.

వెళ్ళబోతూ గ్లోరి దగ్గర ఆగి, చెయ్యి ఇంకా నొప్పిగా ఉంటోందా అని అడిగింది. చక్రాలు సరిచేయించకుండా కారుని దూరం తీసుకెళ్ళొద్దని చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె పేరు అడగాలని కూడా జోజిబాబుకి తోచలేదు.

మర్నాడు సాయంత్రం కారుని మెల్లగా సురేష్ బాబు షాపుకి తీసుకెళ్ళాడు. అతను కిందికి దూరి చూసి, పని పెద్ద కంపెనీలో చేసినంత శుభ్రంగా ఉందన్నాడు. జోజిబాబు జరిగింది చెప్పి, ఆ అమ్మాయిని ఒకసారి కలవాలన్నాడు.

ఇక కుదరదన్నాడు సురేష్ బాబు. పొద్దున్నే ఇంటికి తాళం వేసి, తల్లిని కూడా తీసుకుని విజయవాడ బస్సెక్కిందట. మళ్ళీ ఈ ఊళ్ళో అడుగుపెట్టనని చెప్పిందట.

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నిన్న మీ ఇల్లెక్కడని నన్నే అడిగింది సార్. ఆ మొహం చూసి నాకు భయమేసింది. గొడవ పెట్టుకోవద్దమ్మా అంటే వినకుండా వచ్చింది. అరగంటకి నా దగ్గరికి తిరిగొచ్చి, మీ కోసం క్లాంపులు అడిగింది. నాకేం అర్థం కాలేదు."

"నాతో ఆమెకి గొడవేంటి? ఎవరామె?"

"చాంద్‌బాషా గారమ్మాయి నాహిద్ సార్" అన్నాడు సురేష్ బాబు. "ఆయన పోయి నిన్నటికి నలభై రోజులు."