ఇసుక మేట

వినీత బ్రష్‌తో ఆకుపచ్చ రంగు తీసుకోగానే తండ్రి రాజలింగు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మల్ల కప్పెడుతవా బిడ్డా?"

"చెయ్యి వదులు బాపు, రంగు ఆరిపోతది. రోజూ వేస్తున్న, గీకుతున్న. ఏ పచ్చా నిలబడ్తలేదు."

కామారెడ్డిలో ఆమె బొమ్మలు వేసుకునే గది అది; రాజలింగు ఊరి నుంచి అప్పుడప్పుడు వచ్చిపోతుంటాడు. కాన్వాస్ మీద గట్టు లేదు, చెట్టు లేదు, అడ్డంగా పరుచుకున్న రంగులే. పొద్దున బూడిద, గోధుమ రంగులు పూస్తుంది. సాయంత్రానికి వాటి మీద పచ్చ ఎక్కిస్తుంది. మర్నాడు దాన్ని కత్తితో గీకేస్తుంది. ఎల్లారెడ్డి దగ్గరున్న వాళ్ల పొలంలో వరద ఇసుక మేట వేసిపోయినప్పటి నుంచి ఇదే పని.

రాజలింగు గీకిన చోట వేలు పెట్టాడు. "గిది మన మడే. ఇసుక గిట్లనే ఉన్నది."

"అది నీకు కనవడొద్దనే పచ్చ వేస్తున్న. ఈ బొమ్మ ఇంట్ల పెట్టుకుంట అంటివి గదా."

"నాకు రోజూ కనవడుతనే ఉన్నది. పొద్దుగాల లేచి ఆ ఇసుకలనే తిరుగుతున్న." ఆయన గొంతు తగ్గింది. "ఒక్కన్నే తిరుగుతున్న బిడ్డా. నువ్వు ఒక్కసారన్న రాకపోతివి."

పొలాన్ని చూస్తే తట్టుకోలేనని వినీత ఇక్కడే ఆగిపోయింది. బాపు ఎలా తట్టుకుంటున్నాడో అడగనే లేదు.

బ్రష్‌ను గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది. కాన్వాస్‌ను గీకింది గీకినట్టే వదిలేసి చెప్పులేసుకుంది.

"నడువు బాపు, బస్టాండుకు పోదాం. పొలం కాడికి నేను గూడ వస్తున్న."