గురువారం పళ్లెం

గురువుగారికి పెట్టిన పళ్లెం ముందేసుకుని ఎవరో ముసలాయన తినేస్తున్నాడు.

ఉబోన్ చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది.

అంఫవా కాలవ గట్టున ఆమెది పద్‌థాయ్ నూడుల్స్ కొట్టు. ప్రతి గురువారం మూకుట్లోంచి దిగిన మొదటి పళ్లెం గోడమీది ఫోటోలో ఉన్న ఖేమ్ గురువుగారిది. ఫోటో కింద బల్ల మీద పళ్లెం పెట్టి, అగరొత్తులు వెలిగించి, దండం పెట్టుకుని, ఆ తరవాతే బేరం.

ఫోటో యుద్ధం రోజుల నాటిది. అందరూ ఈ నూడుల్స్ తినండి, టోపీ లేకుండా వీధిలోకి రాకండి అని సర్కారు ఊదరగొట్టిన కాలం. గురువుగారు రెండింటికీ ఒకేసారి లొంగిపోయారు. ముందు తోపుడుబండి, మూకుడు, నెత్తిన దొరటోపీ. ఆ టోపీ నీడలో మొహం సగం సగమే కనిపిస్తుంది.

ఉబోన్ తండ్రి ఆయన శిష్యుడే. గురువుగారు దక్షిణాదికి వలస వెళ్లిన ఏడాదికే, "స్వర్గీయ ఖేమ్ గురువుగారి ఏకైక శిష్యుడు" అని బోర్డు రాయించి కొట్టుకి కట్టేశాడు. చావు కబురు ఎవరు తెచ్చారని ఎవరూ అడగలేదు. బోర్డు చూసి జనం మాత్రం బాగా వచ్చారు.

ఆ తండ్రి పోయి ఏడాదైంది. వంట నేర్పాడు గానీ కిటుకులు చెప్పకుండానే పోయాడు. చింతపండు అదే, తాటిబెల్లం అదే, ఎండురొయ్యలూ అవే. రుచి మాత్రం అది కాదు. బేరాలన్నీ అవతలి గట్టు కొట్టుకి పోయాయి, ఉబోన్ ఈగలు తోలుకుంటోంది. ఈ వర్షాలు వెళ్లేలోగా దారికి రాకపోతే కొట్టు మూసెయ్యాల్సిందే.

అందుకే గురువారం గురువారం ఒకటే మొర. "తాతా, కలలోకొచ్చి లోపమేంటో చెప్పిపో."

కలలోకి ఎవరూ రాలేదు. పోయిన గురువారం కొట్లోకి ఈ బట్టతల ముసలాయన వచ్చాడు.

వస్తూనే బోర్డు చదివి, దగ్గు తెర వచ్చేదాకా నవ్వాడు. గురువుగారు ఎలా పోయారని అడిగాడు. తండ్రి చెప్పిందే ఉబోన్ చెప్పింది. పడవ మునిగిందనీ, ఆఖరి ఘడియలో కూడా గురువుగారు తన తండ్రినే తలుచుకున్నారనీ.

"తలుచుకునే ఉంటాడు" అన్నాడు ముసలాయన తీరిగ్గా. "మునిగేవాడికి అంతకన్నా పనేముంటుంది?"

ఉబోన్‌కి ఒళ్లు మండింది.

తిన్నవాడు తిన్నట్టు పోయాడా, అదీ లేదు.

"నూడుల్స్ వేడినీళ్లలో నానబెడుతున్నావమ్మాయ్. చన్నీళ్లలో పెట్టు. ఇంకో లోపం కూడా ఉంది. అది పై గురువారం చెప్తా. రెండూ ఒక్కసారే చెబితే ఒకటి మరిచిపోతారు."

నాకు చెప్పడానికి మీరెవరని మొహమ్మీదే అడిగేసింది. ఆయన అటు వెళ్లగానే, ఎవరూ చూడకుండా చన్నీళ్లలో నానబెట్టింది.

ముద్ద కట్టే నూడుల్స్ పోగుకి పోగు విడిపోయాయి. వారం తిరిగేసరికి అయిదారుగురు పాత బేరగాళ్లు వెనక్కి వచ్చారు. బావుందన్నారు. కానీ మీ నాన్న చేతి రుచికి ఇంకా ఏదో తక్కువైందన్నారు. ముసలాయన సలహా సంగతి ఉబోన్ ఎవరి దగ్గరా ఎత్తలేదు. అంతా గురువుగారి దయ అని చెప్పుకుంది.

ఇవాళ చూస్తే ఇదీ నిర్వాకం.

తాపీగా తింటున్నాడు. ముందు అరటిపువ్వు, తరవాత నూడుల్స్. పల్లీలన్నీ పళ్లెం అంచుకి తోసి, పిండేసిన నిమ్మచెక్క వాటిమీద బోర్లించాడు.

"అది మా గురువుగారికి పెట్టింది తాతా" అంది ఉబోన్ పళ్లు నూరుతూ.

"తెలుసమ్మాయ్. చల్లారితే ఆయన తినడు."

ఇంక పట్టలేకపోయింది. అట్లకాడ ఎత్తి, చచ్చిపోయినవాళ్ల కూడు తినడానికి సిగ్గులేదా అని గట్టు గట్టంతా వినేలా దులిపేసింది.

ముసలాయన లేచి మూతి తుడుచుకున్నాడు.

"రెండోది చెప్పి పోదామని ఆగానమ్మాయ్. సాయంత్రం మా ఊరు వెళ్లిపోతున్నా. ఈ వయసులో మళ్లీ రాలేను."

"నీ రెండోదీ వద్దు, మూడోదీ వద్దు. నడువు."

ఆయన కాసేపు ఫోటో వంక చూశాడు. టోపీ బావుందని ఒక్క ముక్క అని, మెట్లు దిగి పడవెక్కాడు.

పడవ అటు కదిలిందో లేదో, యుఫా అత్త పడవ ఇటు వచ్చి ఆగింది. గురువుగారి రోజుల నుంచీ అప్పటి బండికీ ఇప్పటి కొట్టుకీ అరటిపువ్వులు వేసేది ఆవిడే. బుట్ట దించబోతూ బల్ల మీది పళ్లెం చూసి అలాగే నిలబడిపోయింది.

"ఇదెవరు తిన్నారే?"

ఎవరో పిచ్చి ముసలాడని, తగిన శాస్తి చేసి పంపించానని ఉబోన్ గొప్పగా చెప్పింది.

అత్త వినిపించుకోలేదు. నిమ్మచెక్క మెల్లగా ఎత్తి చూసింది. కింద పల్లీల కుప్ప ముట్టినట్టే లేదు.

"ఈగలు వాలకుండా ఇలా మూసిపెట్టి, ఆఖర్న ఒక్కొక్కటే నమిలేవాడే. పదేళ్లు నా పక్కన కూర్చుని తిన్నాడు." అత్త నిమ్మచెక్క మళ్లీ అలాగే బోర్లించింది. "మీ నాన్న మాట నమ్మి నెల్లాళ్లు ఏడ్చాను నేను."

ఉబోన్ అట్లకాడతోనే రేవు మెట్లకి పరిగెత్తింది. పడవ మలుపు తిరిగిపోయింది.

"తాతా, రెండోది" అని గొంతు చించుకుని అరిచింది. అవతలి గట్టు కొట్టులో తింటున్నవాళ్లు తలలెత్తి చూసి, మళ్లీ తమ పళ్లేల్లోకి దించుకున్నారు.

కాళ్లీడ్చుకుంటూ వెనక్కొచ్చి ఫోటో ముందు నిలబడి, అందులోని దొరటోపీ మనసులోనే తీసి ఇందాకటి బట్టతల మీద పెట్టి చూసింది, సరిగ్గా సరిపోయింది.