అమ్మగారి కడియం

ఇప్పుడు అందరి చేతికీ కడియమే. ఎవరెంత కదిలారో చూసి, అంత తిండే ఇప్పిస్తుంది.

నూకాలు పనిలోకి రాగానే తన కడియం గూట్లో పెట్టి, అమ్మగారి కడియం తొడుక్కుంటుంది. దాంతోనే ఇల్లు తుడిచి, అంట్లు తోమి, మూడంతస్తుల మెట్లు కడుగుతుంది. సాయంత్రానికి అమ్మగారికి రెండు పూతరేకులు మంజూరవుతాయి.

నిన్న రేషను కొట్లో నూకాలు తన కడియం చూపిస్తే, మిషను గుప్పెడు బియ్యం పోసి ఆగిపోయింది. "మీరు రోజంతా కూర్చునే ఉన్నారు. మీ బరువుకిది చాలు," అంది మర్యాదగా.

పొద్దున్నే ఆ మాట అమ్మగారితో చెప్పుకుంది. "నేను కూకునే ఉన్నానంటందమ్మా. గంజి తాగి తొంగున్నాను."

అమ్మగారు నోట్లో పూతరేకు కరగనిచ్చి, "మరి ఒళ్లు వంచాలే నూకాలూ. నన్ను చూడు, నిన్న పద్నాలుగు వేల అడుగులు," అంటూ తన కడియం విప్పి ఆమె చేతికి తొడిగారు.