ప్రొఫెసరుగారి మొదటి కేసు

జడ్జీల స్థానంలో యంత్రాలు వచ్చాక మా ఊరి ప్లీడర్లంతా వేరే పనులు వెతుక్కున్నారు. అప్పుడు ప్రభుత్వం లా ప్రొఫెసర్లకు చిన్న కేసులు వాదించడానికి అనుమతి ఇచ్చింది. కేసుకు పది నిమిషాలు మాత్రమే.

ముప్పై ఏళ్లుగా లా పాఠాలు చెబుతున్న వసుంధరగారికి మొదటి కేసు ఇడ్లీలమ్మే నూకరత్నానిది. తనంతట తాను నడిచే ఆమె బండి నడిరోడ్డు మీద ఆగిపోయిందని ట్రాఫిక్ వాళ్లు పట్టుకుపోయారు. బండి రాకపోతే ఆమెకు బతుకుతెరువు లేదు.

వసుంధరగారు గొంతు సవరించుకుని, "అసలు నేరమంటే ఏమిటి?" అని మొదలుపెట్టారు. రోమన్ల కాలం నుంచి బ్రిటిష్‌వాళ్ల దాకా వచ్చేసరికి తొమ్మిది నిమిషాలయింది. యంత్రం ఓపిగ్గా వింటోంది. నూకరత్నం ఇక ఉండబట్టలేక లేచింది.

"అయ్యా, ఎర్రలైటు పడిందని బండి ఆగిందండి. ఆగకపోయినా పట్టుకుపోదురు కదండీ! ఆ లైటు పాడైపోయి గంటసేపు ఎర్రగానే ఉంటే బండేం చేస్తాదండి?"

యంత్రం వెంటనే బండిని వదిలేయమంది.

బయటికొచ్చాక వసుంధరగారు సిగ్గుపడుతూ నవ్వారు. "రత్నమ్మా, రేపు మా క్లాసుకొచ్చి పిల్లలకి ఎలా వాదించాలో చెబుతావా?"

"పది దాటాక వస్తానండి. పొద్దున్నే అయితే నా ఇడ్లీలెవరేస్తారు, మీరేస్తారా?"