మూడు ప్రశ్నల కాటేజీ

లాంచీ ఇంకా ఒడ్డుకు ఆనలేదు. టీచరమ్మ అప్పుడే చెప్పులు చేతిలో పట్టుకుని లేచి నిలబడింది.

"కాస్త ఆగండి టీచరుగారూ! దీవి ఎక్కడికీ పారిపోదు" అన్నాడు గార్డుగారు. గూడ్సుబండి వెనక పెట్టెలో నిలబడి ముప్ఫై ఏళ్లు జెండా ఊపిన మనిషి, తొందరంటే అసలు పడదు. అలాంటివాడు ఆమెకంటే ముందు తనే మోకాలిలోతు నీళ్లలోకి దూకేశాడు.

ఇద్దరూ రిటైరయినవాళ్లే. ఇద్దరివీ మొరాయించే మోకాళ్లే. అయినా ఇవాళ ఆ కాళ్లు నేలమీద నిలవడం లేదు. హనీమూన్ చేసుకున్న దీవికి ఇన్నేళ్ల తర్వాత మళ్లీ రావడమంటే మాటలా!

"అదిగో, ఆ వంకర కొబ్బరిచెట్టు ఇంకా ఉంది!" అని ఆమె ఒకవైపు చూపించింది.

"ఆ నల్లరాళ్లు చూశారా, అలాగే ఉన్నాయి!" అని ఆయన ఇంకోవైపు చూపించాడు.

"ఎవరికీ ఏమీ చెప్పకండేం. ఈ వయసులో వీళ్లకు ఈ సరదాలేంటని నవ్వుతారు. నాకు సిగ్గు" అంటూ ఆమె లాంచీలోనే ఆయన దగ్గర మాట తీసుకుంది.

హోటల్లో గదులన్నీ నిండిపోయాయి. మిగిలింది ఒక్కటే, సముద్రం ఒడ్డునున్న కాటేజీ. దాన్ని అందరికీ ఇవ్వరు. భార్యాభర్తలిద్దరి హనీమూనూ ఈ దీవిలోనే జరిగి ఉండాలి. పాత రిజిస్టర్లు తుఫానులో కొట్టుకుపోయాయి కాబట్టి, రుజువు కోసం మేనేజరు ఒక చిన్న పరీక్ష పెడతాడు. భార్యకో కాగితం, భర్తకో కాగితం. మూడే ప్రశ్నలు. జవాబులు కలిస్తే మూడు రోజులు కాటేజీ మీది. కలవకపోతే అయిదు గంటల లాంచీకి తిరుగు ప్రయాణం.

ముందు కాఫీ వచ్చింది. ఆయన కప్పులో ఆమె రెండు చెంచాల చక్కెర వేసి, ప్రేమగా కలిపి ఇచ్చింది. చక్కెర ముట్టని మనిషి, కిక్కురుమనకుండా ఆఖరి చుక్కదాకా తాగేశాడు.

తర్వాత ఆయన్ని వరండాలో కూర్చోబెట్టారు, ఆమెను హాల్లో. ఊరందరి పిల్లలకూ పరీక్షలు పెట్టిన లెక్కల టీచరుకు, తనే రాయాల్సి వచ్చేసరికి కాగితాన్ని రెండుసార్లు తిరగేసి చూసుకుంది. ప్రశ్నలు చూశాక మాత్రం నవ్వొచ్చింది. ఇంతేనా? ఆయన ఏం రాస్తాడో తెలుసు, ఆ హనీమూన్ ముచ్చట్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

వాతావరణం ఎలా ఉంది? తెరిపి లేని వాన. కిటికీలోంచి ఏం కనిపించేది? వంటింటి పొగగొట్టం. ఇక్కడ పోగొట్టుకున్నదేమిటి? గొడుగు. గాలికి సముద్రంలోకి ఎగిరిపోయింది.

కాగితం ఇచ్చేసి, ఇక వందకు వంద ఖాయమన్నట్టు వరండా వైపు చూసింది. ఆయనా అక్కడినుంచి బొటనవేలెత్తి చూపించాడు.

మేనేజరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆయన్ని లోపలికి పిలిచాడు.

"అమ్మా, మీరు తెరిపి లేని వానన్నారు. సారేమో చినుకు కూడా పడలేదు, ఎండకు ఒళ్లు పేలిపోయిందన్నారు. మీ కిటికీలో పొగగొట్టం, ఆయన కిటికీలో సముద్రం. మీరు గొడుగు పోయిందంటే, ఆయన మీ ఎడమకాలి చెప్పు కుక్క ఎత్తుకుపోయిందంటారు! ఎడ్డెమంటే తెడ్డెమనడం విన్నాను గానీ, ఇలా రాతపూర్వకంగా చూడటం ఇదే మొదలు."

హాల్లో ఉన్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. టీచరమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆ చెప్పు సంగతి ఈయనకు ఇంత బాగా గుర్తుందా! ఎడమకాలిదని కూడానా! సంతోషంతో ఆమె కళ్లు చెమర్చాయి.

"ఇంతకీ ఎవరు రాసింది నిజం?" అని అడిగాడు మేనేజరు.

"ఆయన రాసిందే" అంది టీచరమ్మ.

"కాదండీ, ఆవిడ రాసిందే" అన్నాడు గార్డుగారు.

"ఆయన రాసినదాంట్లో అక్షరం తప్పు లేదు బాబూ. ఒంటికాలి మీద గెంతుకుంటూ ఆ కుక్క వెంట పడ్డాన్నేను."

"మరి ఆ గొడుగు కోసం నేను పీకలోతు నీళ్లలోకి దిగలేదూ? ఆవిడ రాసిందే కరెక్టు!"

మేనేజరు తల పట్టుకున్నాడు. నాదే నిజమని కొట్టుకునే మొగుడూపెళ్లాలను రోజూ చూస్తాడు. నీదే నిజమని కొట్టుకునేవాళ్లు తగలడం ఇదే మొదటిసారి.

"ఏమనుకోకండి సార్. పెద్దవాళ్లు, మరిచిపోయి ఉంటారు. కానీ రూలు రూలే" అని తాళంచెవి సొరుగులో పడేశాడు. రేవులో లాంచీ కూత వేసింది.

గార్డుగారు ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. పెట్టె ఎత్తుకున్నాడు. నిన్నటినుంచీ వెలిగిపోతున్న ఆ ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. అది చూసి టీచరమ్మ తట్టుకోలేకపోయింది. సిగ్గుపడుతూ కూర్చుంటే కాటేజీ పోతుంది, కాటేజీతోపాటు ఈ మూడు రోజుల ముచ్చటా పోతుంది. విసురుగా కౌంటరు దగ్గరికి నడిచింది.

"ఆ సొరుగు తియ్యి బాబూ" అంది, ఎర్రబడ్డ ముఖాన్ని సగం చేత్తో కప్పుకుని, "ఎండాకాలంలో వచ్చింది నేనూ మా మొదటాయనా, వానాకాలంలో వచ్చింది ఈయనా వాళ్ల మొదటావిడా, మా ఇద్దరికీ పెళ్లయింది మొన్న గురువారమే!"