కిటికీలో కిటుకు

"ముఖం కాస్త చేదుగా పెట్టవయ్యా! కొత్త పెళ్ళికొడుకులా ఆ వెలుగేమిటి?" మెట్ల మలుపులో ఆగి శిష్యుడి చెవిలో గుసగుసలాడాడు ప్లాట్ల బాబాయి. బాబాయి గుసగుసలాడితే కింది అంతస్తు దాకా వినిపిస్తుంది, అది వేరే సంగతి.

శిష్యుడిది కళ్ళజోళ్ళ షాపు. ఆర్నెల్ల క్రితం చూపు మసకేసిందని బాబాయి అద్దాలకి వెళితే, "ఇళ్ళు కొనడం నాకు నేర్పండి బాబాయిగారూ" అని వెంటపడ్డాడు. ప్లాట్లు చూపించి జనం పాట్లు తీర్చడమే వృత్తిగా పెట్టుకున్న బాబాయికి నేర్పడమంటే మహా సరదా. గోడ తట్టి చెమ్మ కనిపెట్టడం, వాన పడ్డ మర్నాడే వెళ్ళి పైకప్పు చూడటం, అమ్మేవాళ్ళకి తొందరెంతో పక్కింట్లో కూపీ లాగడం, అన్నీ నేర్పాడు. అన్నిటికన్నా పెద్ద సూత్రం మాత్రం ఒక్కటే.

"తలుపులు తెరిచి చూడు, తలపులు మూసి ఉంచు. నీకేది నచ్చితే దాన్నే తిట్టు. ఎంత నచ్చితే అంత తిట్టు. ధర దానంతటదే దిగొస్తుంది."

శిష్యుడు చురుకైనవాడే. కానీ బాబాయి ఏరి తెచ్చిన బంగారంలాంటి బేరాలన్నీ వదిలేశాడు. మూలమీది స్థలం వద్దన్నాడు, పార్కు ఎదురిల్లు వద్దన్నాడు. "ఈ వీధిలో ఏదైనా ఉంటే చెప్పండి" అని ఒకటే పాట. ఇన్నాళ్ళకి ఈ వీధిలో, బడి ప్రహరీని ఆనుకున్న మేడలో, రెండో అంతస్తు అమ్మకానికొచ్చింది. రేపు ఇంకెవరో చూడటానికొస్తున్నారు. ఇవాళ కుదరకపోతే చేజారినట్టే. చెప్పిన ధరేమో, శిష్యుడు షాపులో సగం వాటా అమ్ముకున్నా అందేలా లేదు.

ఇంటావిడ తలుపు తీసింది. శిష్యుడు వంటగది చూడలేదు, పడగ్గది చూడలేదు. గోడ తట్టనైనా లేదు. తిన్నగా హాల్లో కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కింద బడి ఆటస్థలం ఖాళీగా ఉంది. ఒక జారుడుబల్ల, గోడవారగా వరసన కొళాయిలు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. తిట్టమని సైగ.

"ఈ బడేమిటండీ బాబూ!" ఒక్కసారిగా అందుకున్నాడు శిష్యుడు. "పొద్దున్నే ప్రార్థన, మధ్యాహ్నం ఆటలు, మధ్యమధ్యలో గంట మోత! ఈ కిటికీ పక్కన మనిషన్నవాడు ఉండగలడా?"

నచ్చినదాన్ని తిట్టమంటే నిజంగా తిట్టాల్సినదాన్నే పట్టుకున్నాడేమిటి వీడు, అనుకున్నాడు బాబాయి. అయినా బాణం తగిలింది.

"గోల ఉన్నమాట నిజమేనండీ" అంటూ ఆవిడ ధర కాస్త దించింది.

శిష్యుడు బడిని మళ్ళీ తిట్టాడు. ఆవిడ మళ్ళీ దించింది. మూడోసారి తిట్టేసరికి ఆవిడకి విసుగొచ్చింది.

"పోనీ, ఓ పని చేస్తాను. మా తమ్ముడు మేస్త్రీయే. రేపు ఆ కిటికీ ఇటుకలతో మూయించి ఇచ్చేస్తాను. గోల పీడ విరగడవుతుంది. ధర మాత్రం ఇక దిగను."

"భేషమ్మా!" అన్నాడు బాబాయి. "చెవులకి సుఖం, గోడకి బలం!"

"వద్దు!"

ఆ అరుపుకి బాబాయంతటివాడు అదిరిపడ్డాడు. శిష్యుడు రెండు చేతులా కిటికీ చువ్వలు పట్టుకుని ఉన్నాడు. మెల్లిగా తమాయించుకున్నాడు.

"అంటే... గాలాడొద్దూ? ఆ మూయించే ఖర్చేదో ధరలో తగ్గించండమ్మా. గోల నేను భరిస్తాను."

ఆవిడ నవ్వేసి సరేనంది. శిష్యుడు బయానా అందించాడు. ఆవిడ దాన్ని బీరువాలో పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"శభాష్! నన్ను మించిపోయావురా" బాబాయి వీపు చరిచాడు. "ఇంతకీ మీ ఆవిడ చూడకుండానే కొనేస్తున్నావే?"

"ఆవిడ చూడదండీ."

"పోనీ, మిగతా సొమ్ముకి వాయిదాలు తట్టుకోగలవా?"

"మూడేళ్ళు వాయిదాలతోనే గడిచిందండీ. అలవాటే."

షాపు అలాగే కొనుంటాడు పాపం, అనుకున్నాడు బాబాయి. "అద్దెకి మంచివాళ్ళని నేను చూస్తాలే."

"అద్దెకివ్వనండీ. మధ్యాహ్నం షాపుకి తాళమేసి ఇక్కడికొచ్చి డబ్బా విప్పుకుని తింటాను."

"డబ్బా తినడానికింత డబ్బా!" బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. "పాఠాలన్నీ గంగలో కలిపావు కదరా! పెట్టిన సొమ్ము పెరగొద్దూ? అసలిక్కడ పెరుగుతుందంటావా?"

శిష్యుడి చూపు కిటికీలోనే ఉంది.

"మనం చూసినా చూడకపోయినా పెరుగుతుందండీ. దగ్గరుండి చూసుకుంటే ఆ తృప్తి వేరు."

అంతలో గంట మోగింది. తరగతి గదులన్నీ ఒక్కసారి తలుపులు తెరిచి పిల్లల్ని ఆటస్థలంలోకి గుమ్మరించాయి. బాబాయి ఒక చెవిలో వేలు పెట్టుకుని, రెండో చేత్తో కిటికీ రెక్క మూయబోయాడు. శిష్యుడు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

కింద కొళాయి దగ్గర రెండు జడల పిల్ల ఒకతి నీళ్ళు చిందిన ఎర్ర కళ్ళజోడు తీసి, గౌను అంచుతో తుడుచుకుంటోంది.

"గౌనుతో తుడవొద్దంటే వినదు" అన్నాడు శిష్యుడు చువ్వలకి నుదురానించి. "అద్దాలకి గీతలు పడతాయి."

"ఎవర్రా?"

"మా అమ్మాయండీ, కోర్టు నాకు నెలకో గంటే ఇచ్చింది."