ఇంటిదాకా

“తిరుపతి గారూ, మన ప్రాజెక్టు మూతపడింది. మీ ఉద్యోగం కూడా ఈ రోజుతో ఆగిపోతోంది. తప్పు మీది కాదు.”

కంపెనీ అధిపతి రసజ్ఞ ఆ మాట అతని కళ్ళలోకి చూసే చెప్పింది. ఉదయం నుంచి జట్టులో ఒక్కొక్కరినీ తన గదిలో కూర్చోబెట్టి ఇలాగే చెబుతోంది. తిరుపతి చివరివాడు.

యాభై దాటిన ఆ మేనేజర్ కిటికీలోంచి గచ్చిబౌలి రోడ్డు వైపు చూశాడు.

“పాత కంపెనీల ఈ పని నేనే చేసేటోణ్ణి మేడం. గిట్ల కూసోబెట్టి ఎవ్వలకూ చెప్పలే. అందరికీ ఒకటే మెయిల్. పేర్లు గూడ యాదికి లేవు.”

రసజ్ఞ మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకు జరిపింది.

“ఇగ ఇంట్ల కళ్యాణికి ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు.”

“కలిసి చెబుదాం. కోకాపేటలో నా స్నేహితురాలి కంపెనీకి మేనేజర్ కావాలి. మీ గురించి మాట్లాడాను. సోమవారం రమ్మంది.”

అతను లేచాడు. జేబులోంచి కారు తాళాలు తీశాడు. రసజ్ఞ వాటిని మెల్లగా అందుకుంది.

“మీరు నడపొద్దు.”

హెచ్చార్‌లో పనిచేసే రాకేశ్ నడిపాడు. రసజ్ఞ వెనక కూర్చుంది.

“ఖాజాగూడ మీదికెళ్ళి పోతే దగ్గర,” అన్నాడు తిరుపతి.

“వద్దు. చుట్టు తిరిగే వెళ్దాం.”

విషయం విన్న కళ్యాణి భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. “పోతే పోయింది. నువ్వు ఇంటికొచ్చినవ్, గది చాలు.”

రసజ్ఞ గబుక్కున బయటికి వచ్చేసింది.

కింద క్యాబ్ కోసం నిలబడ్డప్పుడు రాకేశ్ ఉండబట్టలేక అడిగాడు. “అందరితోని మంచిగనే మాట్లాడిన్రు మేడం. ఈయన్నొక్కన్నే ఇంటిదాకా ఎందుకు?”

“మా ఆయన మహేశ్‌తో ఎవరూ మాట్లాడలేదు రాకేశ్. ఆఫీసు గేటు దగ్గర కార్డు పనిచేయలేదు. సెక్యూరిటీవాళ్ళు మెయిల్ చూసుకోమన్నారు. అక్కణ్ణుంచి ఒక్కడే బయల్దేరాడు. ఖాజాగూడ చెరువు దగ్గర బండి మాత్రం దొరికింది.”

రాకేశ్ క్యాబ్ కోసం చూస్తున్న ఫోన్ దించేశాడు.

“ఆ మెయిల్ పంపిందెవరో మీకు తెలుసా మేడం?”

రసజ్ఞ తలూపింది.

“తిరుపతి గారు.”